ఐత్వం ఉన్న పాఠాలు

నాచారం పారిశ్రామికవాడలో మా ఆఫీసు మేడ మీద ఉంటుంది. కింద ఇనుము చెక్కే లేత్ మిషన్లు. అవి తిరగడం మొదలైతే మా బల్లల మీద టీ గ్లాసులు సన్నగా వణుకుతాయి. కోస్తా నుంచి వచ్చి హబ్సిగూడ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న నన్ను ఆ ఆఫీసులో చేర్పించింది నా సీనియర్. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆదివారం చర్చి అయ్యాక ఉప్పల్‌లో వాళ్లింటికి భోజనానికి రమ్మనేవారు. నేను వద్దంటున్నా వదిన నా పళ్లెంలో ఇంకో ముక్క వేసేది. మా అమ్మ ఫోన్ చేసి, అక్కడ నీకెవరున్నారే అని దిగులు పడితే, అన్న ఉన్నాడమ్మా అని చెప్పేదాన్ని.

ఆ ఏడాది మా ఇద్దరికీ కలిపి ఒక పని అప్పగించారు. చూపులేని పిల్లలు చదువుకునే ఒక బడికి మా కంపెనీ పాఠాలు వినిపించే సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది. టీచర్లు పాఠాలను తమ గొంతుతో రికార్డు చేసి, ఒక్కో ఫైలుకు తెలుగులో పేరు పెట్టుకున్నారు. పిల్లలు మీట నొక్కుతుంటే కంప్యూటర్ ఒక్కో పేరూ చదువుతుంది. కావలసిన పేరు వినపడగానే ఇంకో మీట నొక్కితే పాఠం మొదలవుతుంది. అది విండోస్‌లో చక్కగా నడిచేది. బడికి లినక్స్ అనే వేరే వ్యవస్థతో నడిచే కంప్యూటర్లు విరాళంగా రావడంతో, దాన్ని వాటిలోకి మార్చడం మా పని.

మార్చాక పరీక్షిస్తుంటే చిత్రమైన చిక్కు ఎదురైంది. ‘వాన’ వినిపిస్తోంది. ‘చీమలు’ వినిపిస్తోంది. ‘రైతు’ మాత్రం, ఫైలు లేదంటోంది. ‘ఇంటి వైద్యం’ లేదంటోంది. ‘మొదటి సైకిల్’ లేదంటోంది. ఫోల్డర్ తెరిచి చూస్తే అన్నీ నా కళ్లెదుటే ఉన్నాయి.

ఆ పేర్లను వరసగా పైకి చదువుకుంటుంటే తట్టింది. తెరవని వాటన్నిటిలోనూ ఐత్వం ఉంది. టీచర్లు టైపు చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ జాబితాలో ఐత్వం ఒకే గుర్తుగా నమోదైంది. మేం ఫైళ్లను ఆఫీసులోని పాత మ్యాక్ కంప్యూటర్ మీదుగా పంపాం. అది ఫైళ్ల పేర్లలో ఐత్వాన్ని పైన ఎత్వం, కింద వంకర, రెండు ముక్కలుగా విడదీసి రాసుకుంది. మనిషి కంటికి రెండూ ఒకటే. లినక్స్‌కు మాత్రం అవి వేరువేరు పేర్లు. పోల్చే ముందు రెండు పేర్లనూ ఒకే రూపంలోకి తెచ్చుకుంటే చాలు. ఆ నాలుగు లైన్ల కోడ్ రాసి చూస్తే ‘రైతు’ పలికింది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

“మస్తు పట్టినవ్ చెల్లె!” అన్నాడు అన్న. నాకప్పటికే ఒళ్లు కాలిపోతోంది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, “గింత జ్వరం పెట్టుకొని ఏం కూసున్నవ్? పోయి పండుకో. మిగిలింది నేను జూసుకుంట, నువ్వు ఫికర్ జేయకు,” అన్నాడు. ఆటో కూడా ఆయనే మాట్లాడి పెట్టాడు.

జ్వరం తగ్గి వెళ్లేసరికి సాఫ్ట్‌వేర్ బడికి చేరిపోయింది. ఆ మధ్యాహ్నమే బడి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమెకూ చూపు లేదు. యజమాని మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

“మా పాఠాల పేర్లేమైనయ్ సార్?” అందామె. “పిల్లలు మీట నొక్కితే ఫైల్ వన్, ఫైల్ టూ అంటున్నది. ఏది ఏ పాఠమో వాళ్లకెట్ల తెలుస్తది? నిన్న ఒక పిల్ల ఏడ్చింది.”

నాకేమీ అర్థం కాలేదు. పేర్లు ఎవరు మార్చారని యజమాని అడిగాడు.

నా పక్కనే కూర్చున్న అన్న లాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తకుండా చెప్పాడు. “మార్చమన్నది ఈమెనే సార్. తెలుగు పేర్లతోని పరేషాన్ అయితున్నదన్నది.”

“అన్నా!” అన్నాను. తర్వాత తడబడుతూ, నేనలా అనలేదు సార్ అన్నాను. తప్పు చేసినవాళ్లే అంత తడబడతారని యజమాని అనుకున్నట్టున్నాడు. “ఎవరన్నారో తర్వాత చూద్దాం. ముందు వెళ్లి సరిచేసి రా,” అన్నాడు నాతో.

కోడ్ తెరిచి చూశాను. నేను రాసింది అందులో లేదు. అన్న దాన్ని తీసేసి, ఫైళ్లన్నిటికీ ఇంగ్లీషులో అంకెలు వేసేశాడు.

మర్నాడు బడికి వెళ్లాను. పాత విండోస్ కంప్యూటర్‌ను ఇంకా పారేయలేదు కాబట్టి పేర్లన్నీ భద్రంగా దొరికాయి. వాటిని తిరిగి పెట్టి, నా కోడ్ మళ్లీ రాసి, టీచరమ్మను కూర్చోబెట్టాను. ఆమె మీట నొక్కుతూ ఒక్కో పేరూ వింది. ‘ఇంటి వైద్యం’ దగ్గర ఆగి తెరిచింది. అది ఆమె గొంతే.

“ఒక్కమాట అడగకుండ ఎట్ల తీసేసినవమ్మా?” అంది నెమ్మదిగా.

“నేను తీయలేదండీ.”

ఆమె మళ్లీ మీట నొక్కి తర్వాతి పేరు వింది. నమ్మిందో లేదో ఆ ముఖం చూస్తే నాకు తెలియలేదు.

సాయంత్రం ఆఫీసు మెట్ల మీద అన్నను ఆపాను. “ఎందుకలా చెప్పారు?”

“నీ కోడ్ నా సిస్టంల నడిపిస్తే ఎర్రర్ వచ్చింది. టైం లేకుండె, పేర్లు మార్చిన.”

“అది కాదు అడిగేది. నేను చెప్పానని ఎందుకన్నారు?”

ఆయన బండి తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. “నాకు ఇల్లున్నది, పిల్లలున్నరు. సార్ నన్ను తీసేస్తే ఎట్ల? నువ్వు ఒక్కదానివి చెల్లె, నీకేమైతది? రెండు మాటలు పడితే అయిపోతది.”

ఇన్నాళ్లూ ఆదివారాలు వాళ్ల పిల్లల పక్కన కూర్చుని అన్నం తిన్నాను. లెక్కకొచ్చేసరికి ఒక్కదాన్నయ్యాను. ఆ రోజు బస్సెక్కకుండా హబ్సిగూడ దాకా నడిచే వెళ్లాను. ఏడుపు రాలేదు. ఆయన అబద్ధం చెప్పాడని కాదు, ‘నీకేమైతది’ అని అంత తేలిగ్గా అనగలిగాడని దారి పొడుగునా తలుచుకున్నాను.

ఉద్యోగం మానలేదు. కొన్నాళ్లకు ఇంకో పనిలో అదే చిక్కు వస్తే నేను సరిచేయడం చూసి, తెలుగు పేర్లతో నాకు ఇబ్బంది లేదని అర్థమైందేమో, యజమాని నన్నేమీ అడక్కుండానే బడి పని పూర్తిగా నాకే ఇచ్చాడు. క్షమాపణ అంటూ ఎవరూ చెప్పలేదు. ఆదివారం రాలేదేమని వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. పని ఉందన్నాను. ఆమెకు ఆయన ఏం చెప్పాడో తెలియదు.

ఇప్పటికీ మా కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. పని మాటలు మాట్లాడుకుంటాం. అన్నా అనే పిలుస్తాను. ఆ పిలుపు మానేస్తే కారణం ఏమిటని అందరూ అడుగుతారు.