చెవిలో చెప్పిన నాటకం

నాటకాలు వేయించే సభవాళ్ల పాసు ఇద్దరికే చెల్లేది. నెలకొక నాటకం, ఆదివారం సాయంత్రం ఆరింటికి. మా ఆయన ఆ పాసు తీసుకున్నది తనకూ నాకూ అని. రెండు నాటకాలు చూసి, రెండింటిలోనూ గురకపెట్టి, మూడోదానికి షిఫ్టు ఉందని తప్పించుకున్నారు. ఆయన బదులు మా పెద్దమ్మాయి వచ్చింది. అప్పుడు దానికి పన్నెండేళ్లు. చిన్నవాళ్లిద్దరినీ అత్తగారికి అప్పగించి, మేమిద్దరం తిరువొత్తియూరులో రైలెక్కి, బీచ్ స్టేషన్‌లో దిగి, బస్సు పట్టుకుని హాలుకు పోయేవాళ్లం. తొంభైల మొదట్లో సంగతిది. నాలుగేళ్లు అట్లాగే గడిచాయి. ఇంట్లో ముగ్గురికి తల్లిని, ఆ హాల్లో మాత్రం దానొక్కదానికే.

నాటకాలన్నీ అరవంలోనే. నేను నెల్లూరు వైపునుంచి కోడలిగా వచ్చినదాన్ని. అత్తగారివాళ్లు తరతరాలుగా మద్రాసులో ఉన్నా ఇంట్లో తెలుగే, పిల్లలు మాత్రం తమలో తాము అరవంలోకి దిగిపోతారు. కూరగాయల బండి దగ్గర బేరమాడే నాలుగు ముక్కలు తప్ప నాకేమీ రాదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. అందుకని స్టేజీ మీద మాటలన్నీ మా అమ్మాయి నా చెవిలో తెలుగులో చెప్పేది. "మామకి చెవుడంటమ్మా. అందుకే అల్లుడు అరస్తా ఉండాడంట." హాలంతా నవ్వేశాక నేనొక్కదాన్ని నవ్వేదాన్ని. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు.

ఇక్కడ నా దొంగతనం ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్లు తిరిగేసరికి నాకు అరవం వచ్చేసింది. ముందు అరవం మాట, వెంటనే చెవిలో తెలుగు మాట. నెలనెలా అట్లా వింటే ఎవరికైనా వస్తుంది. వచ్చిందని మాత్రం చెప్పలేదు. పదో తరగతికి వచ్చాక ఆ పిల్ల ఇంట్లో నాతో మాట్లాడటం తగ్గించింది. అన్నం పెట్టనా అంటే ఊఁ, తలనొప్పా అంటే ఊఁ. నెలకోసారి ఆ చీకట్లో మాత్రం నా భుజానికి ఆనుకుని రెండు గంటలు చెవిలో మాట్లాడేది. నాకు అర్థమవుతోందని తెలిస్తే అదీ పోతుందని భయం. నవ్వొచ్చినా బిగబట్టుకుని, అది చెప్పాకే నవ్వేదాన్ని. ముప్పై ఆరేళ్లదాన్ని, కన్నబిడ్డ దగ్గర వేషం వేశాను.

అది ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉండగా ఒక ఆదివారం, నాటకంలో ఒక పిల్ల స్నేహితురాలి పెళ్లికి పట్టుచీర కావాలని తల్లిని సతాయిస్తోంది. హాలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఏమంటా ఉందే ఆ పిల్ల?" అన్నాను అలవాటుగా.

 మా అమ్మాయి నా చెవి దగ్గరికి వంగింది.

"స్కూలుకు పోయే రైల్లో ఒకడు వస్తా ఉండాడంట. ఆడోళ్ల పెట్టె పక్క పెట్టెలో తలుపుకాడ నిలబడతాడంట. ఈ పిల్ల దిగితే వాడూ దిగతాడంట. మొన్న సాయంత్రం వీధి మొన దాకా వచ్చినాడంట."

స్టేజీ మీద పిల్ల జరీ అంచు ఎంత వెడల్పుండాలో చేత్తో చూపిస్తోంది.  తల తిప్పితే మా అమ్మాయి ఎక్కడ ఆపేస్తుందోనని మెడ కూడా కదల్చలేదు.

"వాళ్లమ్మతో చెప్పకూడదా?" అన్నాను.

"చెప్తే చదువు మానిపిస్తారంట. వాళ్లమ్మకీ అట్నే మానిపించినారంట."

ఆ కథ దానికి చెప్పింది నేనే. తొమ్మిదో తరగతిలో సైకిలు మీద ఒకడు వెంటపడుతున్నాడని మా అమ్మతో అన్నాను. మర్నాడే మా నాన్న బడి మానిపించారు, నా పుస్తకాలు పక్కింటి పిల్ల చేతిలో ఉన్నాయి. మమ్మల్ని ఎంత కట్టడిగా పెంచారో అని ఈ సంగతి ఎన్నిసార్లు గొప్పగా చెప్పానో. ఆ గొప్పే దాని నోరు కట్టేసిందని ఆ సీట్లో కూర్చున్నాకే తెలిసింది. నా లెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

వాడెవడు, ఎన్నాళ్లనుంచి, రేపేం చేస్తాడు? మా ఆయనకు చెబితే మా నాన్న చేసిన పనే చేస్తారు. అత్తగారైతే జాతకం బయటికి తీస్తారు. నేనేమీ అనకుండా ఊరుకుంటే అది రేపు ఒంటరిగా ఆ రైలెక్కుతుంది. ఒక్క మాట తప్పుగా అన్నానా, ఈ నోరు నా దగ్గర మళ్లీ తెరుచుకోదు. 

"వాళ్లమ్మ ఏమంటా ఉందో నేను చెప్పేదా?" అన్నాను. "చదువు మానిపించదంట. రేపట్నుంచి తనే తోడు వస్తుందంట."

 నాటకం పేరు పెట్టి చెప్పింది తన గురించేనని నేను పసిగట్టాననుకుంది, అంతే. అరవం సంగతి దానికింకా తెలియదు.

రాయపురంలో మోకాలికి వైద్యం చేయించుకుంటానని ఇంట్లో అబద్ధమాడి, సోమవారం పొద్దున దానితో స్టేషనుకు వెళ్లాను. వాణ్ణి కళ్లతోనే చూపించింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ సంచి, ముప్పై ఏళ్లుంటాయి. రౌడీలాగా ఉంటాడనుకున్నాను. మన ఇంటికొచ్చి మంచినీళ్లడిగితే ఇచ్చేట్టున్నాడు, అది చూసి ఇంకా భయమేసింది. మా అమ్మాయి గోళ్లు నా మణికట్టులో దిగిపోయాయి.

ఏం మాట్లాడాలో ముందుగా ఏమీ అనుకోలేదు. వాడి ముందుకు పోయి నోరు తెరిస్తే అరవం వచ్చింది. కూరగాయల అరవం కాదు, నాలుగేళ్లుగా స్టేజీ మీద తల్లులు మాట్లాడిన అరవం, చెయ్యి ఊపడంతో సహా. మీ ఇల్లెక్కడ, పద, మీ అమ్మ ఎదురుగా నిలబడి చెబుదువుగాని ఈ బిడ్డ వెనక ఎందుకు తిరుగుతున్నావో అన్నాను. గొంతు ప్లాట్‌ఫారం చివరిదాకా వినబడింది. రాయపురం రేవుకు చేపలు కొనబోయే ఆడవాళ్లు ఖాళీ గంపలు చంకన పెట్టుకుని మా చుట్టూ చేరారు. వాడు రైలెక్కలేదు. తల దించుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. మేమిద్దరం రైలెక్కి కూర్చున్నాం.

"నీకు అరవం వచ్చునామ్మా?" అంది మా అమ్మాయి.

"ఊఁ."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

రాయపురం దాటేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. "అయితే నిన్న ఆ పిల్ల అడిగింది చీరేనని నీకు తెలుసు."

"తెలుసు," అన్నాను. 

ఆ నెలంతా తోడు వెళ్లాను. వాడు మళ్లీ కనబడలేదు, కానీ ఇస్త్రీ చొక్కా కనబడితే చాలు నాకు గుండెదడ. దానికి మించిన భయం ఇంకొకటి పట్టుకుంది. ఇక నా చెవిలో చెప్పడానికి దానికి ఏ కారణమూ లేదు. తర్వాతి ఆదివారపు నాటకానికి రానంటుందనుకున్నాను. వచ్చింది. బస్సులో ఊఁ, హాలు మెట్ల మీద ఊఁ.

లైట్లు ఆరాయి. తెర ఇంకా లేవలేదు. నేను బుద్ధిగా ఎదురుగానే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నా భుజం మీద బరువు పడింది.

"ఆ పిల్ల వాళ్లమ్మతో ఇంకో మాట చెప్పాలంట," అంది.

 మూసి ఉన్న తెర వైపే చూస్తూ, "ఏమంటా ఉందే?" అన్నాను.