ముగ్గురు నర్సులం, ఒక్క ఫోను

"నెలాఖరుకల్లా రెన్యువల్ కాయితం చూపించకపోతే నిన్ను స్టాఫ్ డ్యూటీలో ఉంచరంటనే" అని పెద్దక్క చెప్పేటప్పటికి నేను సెలైన్ సీసా తగిలిస్తున్నా. ఆ మాట అనేసి ఆమె పక్క మంచం దగ్గరికి పోయింది.

పెద్దక్క అంటే తోబుట్టువు కాదు. నరసరావుపేటలో మేం పనిచేసే ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్‌చార్జి సిస్టరు. నేను శావల్యాపురం నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక ముసలాయనకి మొదటిసారి సూది పెట్టాల్సొచ్చింది. సూది పట్టుకుని నేను తటపటాయిస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. చెయ్యి వెయ్యలేదు. "నేనిక్కడే ఉన్నా, నువ్వే పెట్టు" అంది. నోరు మాత్రం అబ్బో! ఆమె కేకేస్తే కాంటీన్లో టీ తాగేవాళ్ళు కూడా లేచి నిలబడతారు.

నర్సుగా మన పేరు రిజిస్టర్లో నిలవాలంటే కొన్నేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. దానికి ఇన్ని గంటలు కొత్త చదువు చదివినట్టు సర్టిఫికెట్లు చూపించాలి. వింటానే ఉన్నాం, చూద్దాంలే అనుకుంటానే ఉన్నాం. కొత్త మేనేజిమెంటొచ్చి అందరి కాయితాలూ తియ్యమనేసరికి అప్పుడు తెలిసొచ్చింది. స్టాఫ్ డ్యూటీ పోతే ఆయాలతో కలిసి దుప్పట్లు మార్చాలి. ఆ పని నాకు నామోషీ కాదు. కానీ పసిపిల్లలక్కూడా నరం దొరకబుచ్చుకునే చేతులు నావి. ఇవి ఊరకే పడుంటే నేనేమై పోవాలి?

గుంటూరులో పెద్ద హోటల్లో సదస్సు ఉందన్నారు. బ్యాగంట, పెన్నంట, మధ్యాన్నం బిర్యానీ అంట. ఫీజెంతో విని దణ్ణం పెట్టేశా. అప్పుడు మాతో పనిచేసే మాచర్ల పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు, ఫోన్లో వెతికి గురజాలలో ఒక కాలేజీ వాళ్ళు ఊరికే చెప్పే క్లాసు పట్టుకుంది. ముగ్గురం బస్సెక్కి పోయాం. పాము కాటు గురించి చెప్పి, మమ్మల్నే నాటిక ఆడమన్నారు. మిరపచేలో పాము కరిచిన రైతుని నేను. మంత్రం వేస్తానని వేపమండలు పట్టుకొచ్చింది పెద్దక్క. మాచర్ల పిల్ల నర్సు. "తాడు కట్టమాకండి, కోయమాకండి, కదలనీకుండా ఆస్పత్రికి తీసుకుపోదాం పదండి" అని అది అడ్డం పడుతుంటే, పెద్దక్క వేపమండతో దానికే రెండు అంటించింది. హాలంతా పగలబడి నవ్వారు. చదువు ఇంత సరదాగా ఉంటదని నాకు తెలీదు. సాయంత్రం కూర్చున్నవాళ్ళందరికీ గంటలు రాసి సర్టిఫికెట్లిచ్చారు.

పాతవీ ఇవీ కలిపి చూస్తే నాకింకొక్క క్లాసు తక్కువొచ్చింది. ఆ నవ్వంతా తిరుగు బస్సులోనే ఆరిపోయింది.

ఆ ఒక్కటీ ఫోన్లో ఉందంది మాచర్ల పిల్ల. పురుగుమందు విషం ఎక్కినోళ్ళకి వైద్యం గురించి, అదీ ఉచితంగా. మాకు పెళ్ళి లైవైనా, క్రికెట్టైనా ముగ్గురం ఒక్క ఫోనుకే చూడటం అలవాటు. దాని ఫోను పెద్దది గదా అని ఆదివారం మధ్యాన్నం నర్సుల గదిలో టిఫిన్ డబ్బాకి ఆనించి నిలబెట్టాం. మిరపకాయ బజ్జీలు తింటా విన్నాం. చివర్లో ప్రశ్నలొస్తే గట్టిగా చెప్పుకుని ముగ్గురం కలిసి పాసయ్యాం. చప్పట్లు కూడా కొట్టుకున్నాం. సర్టిఫికెట్టొచ్చింది. దాని మీద మాచర్ల పిల్ల పేరొక్కటే ఉంది.

"మా పేర్లేయే?" అన్నా.

"అక్కా... అది నా ఫోను గదా."

ఓరి దేవుడా! గురజాలలో కూర్చున్నోళ్ళందరికీ ఇచ్చారు, ఇదీ అంతేననుకున్నాం. ఫోనుకి గదిలో ఎంతమందున్నారో ఏం తెలుస్తది? రెన్యువలే అక్కర్లేని పిల్ల సర్టిఫికెట్టు చేతిలో పెట్టుకుని ఏడుస్తంది. దాన్ని తిట్టాలో, నన్ను నేను కొట్టుకోవాలో తెలియలేదు.

ఆ క్లాసు మళ్ళీ వచ్చే ఆదివారమే, నెలాఖరుకి ముందు అదే ఆఖరు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఎప్పుడూ లేనిది, ఒకమ్మకి నరం తప్పి రెండోసారి గుచ్చాల్సొచ్చింది. మా ఆయన క్వారీలో టిప్పరు తోలతాడు. నా మొహం చూసి "ఏంది, పరీక్షకి పోతున్నావా ఉరికంబం ఎక్కుతున్నావా?" అన్నాడు. నవ్వు రాకపోగా ఒళ్ళు మండింది.

ఆదివారం ఎవరి ఫోను వాళ్ళం పట్టుకుని కూర్చున్నాం. తోడుకోసమని మాచర్ల పిల్ల కూడా మళ్ళీ పెట్టింది. మూడు ఫోన్లలో పాఠం చెప్పే మేడం గొంతు ఒకదాని వెనక ఒకటి వస్తంది. బజ్జీలు తెచ్చారుగానీ నేను ముట్టలేదు. ప్రశ్నలు మొదలయ్యాయి. పెద్దక్క ఊరుకుంటదా? లేచి మా వెనకమాల నిలబడి, మాచర్ల పిల్ల ఫోన్లో చూసి "బి కొట్టండే! తర్వాతది ఏ కొట్టండే!" అని ఆర్డర్లేస్తంది. ఆమె చెబితే కొట్టడమే నాకలవాటు. కొట్టేశా. ఒక్కో ఫోన్లో ప్రశ్నలు ఒక్కో వరసలో వస్తాయని మాకెవరికి తెలుసు? నా ఫోను ఎర్రగా అయిపోయి, ఫెయిల్ అంది. ఇంకొక్క అవకాశమే అంది.

"నన్నొదిలెయ్యండి" అని అరిచి, ఫోను తీసుకుని మెట్లమీదకి పోయి కూర్చున్నా. పెద్దక్క మీద అట్టా అరవటం అదే మొదలు.

మొదటి ప్రశ్న, పురుగుమందు కొడతా పడిపోయిన రైతు కంటిపాప ఎట్టా ఉంటది అని. నాకు వెల్దుర్తి నుంచి తెచ్చిన ఆయన గుర్తొచ్చాడు. నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు. ఆ రోజు ఆయన తల పట్టుకున్నది నేనేగా! ఎవరినీ అడక్కుండా కొట్టుకుంటా పోయా. చివరికి ఫోను పచ్చగా అయింది. సర్టిఫికెట్టు మీద నా పేరుంది. అది మాయమైపోతదేమోనని మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నా.

గంతులేసుకుంటా గదిలోకి పోయా. మాచర్ల పిల్ల లేదు, డ్యూటీకి పోయినట్టుంది. పెద్దక్క ఒక్కతే ఫోను బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"అయింది నాకు. నీదేమైందక్కా?" అన్నా.

మా జవాబులు చెప్పే హడావుడిలో ఆమె ఫోన్లో టైమైపోయిందంట. ఒక్క ప్రశ్న కూడా కొట్టలేదు. ఆమె రెన్యువలూ ఈ నెలాఖరుకేనంట. ఇన్ని రోజుల్లో నా గోడే చెప్పుకున్నాగానీ ఆమెది అడగనేలేదు. ఇప్పుడు ఆమెకీ ఒక్క అవకాశమే మిగిలింది.

"నాకు చేతులాడట్లేదే" అంది. పెద్దక్క నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. భయమేసింది. "నేను చెప్తాలే అక్కా" అంటా కుర్చీ లాక్కున్నా.

"చెప్పమాక" అంది. "ఊరికే పక్కన కూర్చో."

ఫోను తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి ప్రశ్న పెదాలు కదుపుతా చదువుకుంటంది. జవాబు నాకు తెలుసు. నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నా.