సున్‌రే సంచిలో నా నువ్వులు

తాక్ సున్‌రే అంటే నాకు గిట్టదు. పదిహేడేళ్లుగా గిట్టదు. చైనాలోని వేయ్‌హాయ్ నుంచి కొరియాకు వచ్చే ఓడలో మా చాపలు పక్కపక్కనే. నువ్వులు, ఎండుమిరపకాయలు, పెసలు మోసుకొచ్చి రేవు బయట అమ్ముకోవడం మా బతుకు. డెబ్బై దాటినా ఆవిడ నోరు మాత్రం ముసలిదవలేదు. నేను కిమ్చీ డబ్బా మూత తీస్తే చాలు, "ఏమే బోక్‌హీ, కుళ్లిన క్యాబేజీ కూడా వదలవా?" అని ఓడ గదంతా వినబడేలా అరిచేది.

మొగుడు పోయాక అద్దెగది వదిలేసి ఓడనే ఇల్లు చేసుకుంది. నిద్రా, జ్వరమూ అన్నీ అందులోనే.

కస్టమ్స్ వాళ్ల దృష్టిలో మేం వ్యాపారులం కాము, ఇంటికి సరుకు తెచ్చుకునే ప్రయాణికులం. ఒక్కో రకం సరుకు మనిషికి ఐదు కిలోలే. మూడోసారి ఎక్కువ దొరికితే ఆర్నెల్లు టికెట్ ఇవ్వరు. అందుకని తూకం వరసలో సరుకు ఎక్కువైనవాళ్లు తక్కువున్నవాళ్ల సంచిలో సర్దుతారు. అడిగి సర్దాలి. అది మాలో మర్యాద.

ఆ రోజు నాకు నువ్వులు రెండు కిలోలు ఎక్కువయ్యాయి. సున్‌రే సంచి సగం ఖాళీగా కనిపించింది. పొద్దున్నే తిట్టుకున్నాం, అడగడానికి నోరు రాలేదు. ఆవిడ అటు తిరగ్గానే పొట్లం తోసేశాను. అడుగున ఆవిడవి ఐదు కిలోలూ ఉన్నాయని నాకేం తెలుసు?

"మామ్మగారూ, నువ్వులు ఏడు కిలోలున్నాయి. మీకిది మూడోసారి," అన్నాడు కుర్ర అధికారి.

సున్‌రే పొట్లాన్ని చూసింది, నన్ను చూసింది. "నాది కాదయ్యా! ఇదిగో, ఈ దొంగమొహందే. దాన్నే అడుగు!"

"మీదేనా అమ్మా?" అని నావైపు తిరిగాడు.

వెనక ఇరవైమంది మావాళ్లే. అందరూ తమ సంచుల వైపు చూసుకున్నారు.

"ఈవిడెవరో నాకు తెలీదు బాబూ," అన్నాను.

"ఎప్పుడూ ఈ బల్ల దగ్గరే కొట్టుకుంటారుగా?" అని నవ్వి, సంచి ఆవిడది కనక ఆవిడ పేరే రాసుకున్నాడు.

మర్నాడు టికెట్ కిటికీ ముందు దుప్పటి మూటతో నిలబడింది. "ఆర్నెల్లు ఎక్కడ పడుకోమంటావురా?" అంటుండగానే లోపలివాడు తలుపు వేసేశాడు. పాపం నాది. దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నా గదికొచ్చెయ్. ఇరుకే, అయినా ఇద్దరం సర్దుకుందాం."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎవరమ్మా నువ్వు? నిన్నెప్పుడూ చూళ్లేదే," అంది.

మూట నెత్తికెత్తుకుని బస్సుల వైపు నడిచింది.