ఇరవై నాలుగో నంబర్ సూది

ఇబ్రహీంపట్నంలో నేను బట్టలు కుడతాను. మూడేళ్ల కిందట కాన్పయ్యాక మా చెల్లెలికి రక్తస్రావం ఆగలేదు.

"రక్తం జల్ది ఎక్కాలె. నరానికి పెట్టే క్యానులా సూది లావుది కావాలె, మా దగ్గర అయిపోయినయ్. ఉరుకక్కా!" అని దవాఖాన సిస్టర్ నన్ను ఎదురుగా ఉన్న మందుల షాపుకు తరిమింది.

"పద్దెనిమిదా, ఇరవై నాలుగా?" అన్నాడు షాపతను, నేను క్యానులా అనగానే.

నాకు అనుమానమే రాలేదు. మిషను సూదుల్లో పదకొండు సన్నం, పద్దెనిమిది జీన్సు కుట్టేంత లావు. ఇరవై నాలుగంటే ఇంకెంత లావో! అదే పట్టుకుని పరుగెత్తాను.

"గిది పసిపిల్లలకు పెట్టేది!" అని అరిచింది సిస్టర్.

"నంబర్ పెద్దదే గద సిస్టర్?"

"నంబర్ పెరిగితే సన్నగైతది. పద్దెనిమిది తే, పో!"

నాకేమీ అర్థం కాలేదు. పెద్దది చిన్నదెట్లా అవుతుంది? దారంతా అదే గొణుక్కుంటూ ఉరికి, పద్దెనిమిది తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

చెల్లెలు బతికింది. అప్పుడు పుట్టిన పాప ఇప్పుడు నా మిషను పక్కనే ఆడుకుంటుంది. జీన్సు కుట్టడానికి సూది మార్చినప్పుడల్లా నంబరు రెండుసార్లు చూస్తాను. పదిహేనేళ్లు చూడకుండానే మార్చిన సూది అది.