మూత కుదిరిన పెట్టె

రిటైరైన బస్సు డ్రైవరుగారి వెనకగదిలో పని మొదలవడమే గానీ పూర్తవడం ఎవరూ చూడలేదు. కాలు విరిగిన పీట, అద్దం పట్టని ఫ్రేము, మూత కుదరని పెట్టె అన్నీ అలాగే పడి ఉన్నాయి. సాయంత్రంలోగా అవి పూర్తిచేసి గది సర్దకపోతే అక్కడ తన కుట్టుమిషను పెట్టుకుంటానని భార్య తేల్చి చెప్పేసింది.

పీట, ఫ్రేము మధ్యాహ్నానికే అయిపోయాయి. పెట్టె మాత్రం ఆరేళ్లుగా మొండికేసింది. వానాకాలంలో మూత ఉబ్బి బిగుసుకుంటే ఆయన చిత్రిక పట్టేవాడు. ఎండలకు అది వదులైపోతే అంచుకు చెక్క అతికించేవాడు.

"మీరు దానికి మూత పెట్టేలోపు నాకు పళ్లూడిపోతాయి," అంది ఆవిడ చెక్కపొట్టు ఊడుస్తూ. మూలన చీపురుకు ఒక చెక్కపలక తగిలింది. పెట్టె కోసిన పలకలో మిగిలిన ముక్కే అది!

"ఇలా ఇవ్వవే! పాత మూత వేరే చెక్క. పెట్టె ఉబ్బితే ఇదీ దాంతోపాటే ఉబ్బుతుంది," అన్నాడాయన. దాన్ని కొత్త మూతగా కోసి, వెంట్రుకవాసి చొప్పున చిత్రిక పట్టి, ఆమె చేతికిచ్చాడు. "నువ్వే పెట్టు."

ఆమె మూతను పెట్టె అంచుల మధ్య వదిలింది. అది టక్కున పడలేదు. లోపలి గాలి మీద ఒక్క క్షణం నిలిచి, ఆ గాలి తప్పుకున్నకొద్దీ మెల్లగా, చప్పుడు లేకుండా దిగింది.

గేర్లు మార్చడానికే పుట్టాయని డిపోలో అందరూ అనుకున్న ఆయన మొరటు చేతులకేసి ఆమె చూస్తూ ఉండిపోయింది.

"మరి మిషను ఎక్కడ పెడతావే?" అన్నాడాయన బెరుకుగా.

"హాల్లో, కిటికీ పక్కన. వెలుతురు బాగుంటుంది," అంటూ ఆమె మళ్లీ మూత తీసింది.