జోలమ్మ సోఫా మీద గోళ్ళరంగు

ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఏడ్చే పిల్లను భుజాన వేసుకుని, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఆవిడ సన్నగా జోల అందుకుంటే చాలు, ఎంత పేచీకోరు పిల్లయినా రెప్ప వాల్చాల్సిందే. అందుకే వీధి వీధంతటికీ ఆవిడ జోలమ్మ. వ్యాను తోలే భర్త కూడా సాయంత్రం ఇంటికొచ్చి, "జోలమ్మగారూ, లోకాన్ని నిద్రపుచ్చడం అయితే నాకింత అన్నం పెడతారా?" అని వేళాకోళమాడేవాడు.

ఒకప్పుడు ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించడం పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతులు కట్టేసినట్టయి ఇంట్లో కూర్చుంటే, పై వాటాలో ఉండే ఆమె ఒకరోజు పొద్దున్నే పసిదాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టింది. "అక్కా, ఈ ఒక్కపూట చూడవా? ఆఫీసులో సెలవు ఇవ్వనంటున్నారు." ఆ ఒక్కపూట ఇంతవరకూ ముగియలేదు. ఆ పసిది బడికి వెళ్ళే వయసుకొచ్చింది గానీ, దాని వెనకాల మరొకరు, వాళ్ళ వెనకాల ఇంకొకరు. ఇప్పుడు పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ హాలు పిల్లలతో పిచ్చుకల గూడులా ఉంటుంది.

పిల్లలు ఎక్కి దూకీ దూకీ పాత సోఫా నడుం విరగ్గొట్టేశారు. భార్యాభర్తలిద్దరూ ఏడాదిపాటు కూడబెట్టి, లేత గోధుమరంగు గుడ్డ సోఫా, వంటగదిలోకి చెక్క భోజనాల బల్ల కొన్నారు. షాపులో కుర్రాడు హుషారైనవాడు. "అమ్మా, ఇంకొంచెం కట్టారంటే ఈ రెండింటికీ రక్షణ ప్లాను వస్తుంది. టీ పడనీండి, సిరా పడనీండి, ఏం పడినా పూచీ మాది" అన్నాడు. పిల్లలున్న ఇల్లు కదా, ఇంతకంటే కావాల్సిందేముంది అనుకుని జోలమ్మ వెంటనే సరేనంది. సోఫా ఎవరు వాడతారని ఆ కుర్రాడు అడగలేదు. చెప్పాలని ఆవిడకూ తోచలేదు.

పిల్లల్లో ఒక పిల్లకు గిరగిర అని పేరు. నడక రాకముందే గిరగిరా తిరగడం నేర్చుకుందని వాళ్ళ నాన్నే పెట్టాడు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వాళ్ళమ్మ సంచిలోంచి ఎప్పుడు కాజేసిందో, ఎర్రటి గోళ్ళరంగు సీసా పట్టుకుని సోఫా ఎక్కింది. మూత ఊడదీసి, "చూడు జోలమ్మా!" అని ఒక్క చుట్టు తిరిగింది. అంతే. సోఫా నడిమధ్యన అరచేయంత మరక, దాని చుట్టూ చుక్కలు.

పిల్ల బిక్కచచ్చిపోయింది. జోలమ్మ ముందు ఆ సీసా లాక్కుని, పిల్ల కళ్ళలో పడిందేమోనని చూసుకుని, తర్వాతే సోఫా వైపు తిరిగింది. పొడిగుడ్డతో పైపైన అద్దింది. అంతలో భర్త వచ్చి మరక చూసి, "వ్యాన్లో పెయింటు తుడిచే థిన్నరుంది, రెండు రుద్దులు రుద్దితే దెబ్బకు పోతుంది" అని బయల్దేరాడు.

"ఆగండి. మీరు రుద్దితే మరకతో పాటు సోఫా కూడా పోతుంది. ప్లానుంది కదా, వాళ్ళకు ఫోన్ చేద్దాం."

"చెయ్యి. కానీ ఒక్కటి. పిల్ల ఎవరని అడిగితే మనవరాలని చెప్పు."

"ఎందుకూ?"

"ఏమో, వాళ్ళు ఎట్లా పడితే అట్లా మెలిక పెడతారు. మనవరాలంటే గొడవుండదు. అబద్ధం కూడా కాదులే, నీకు ఇన్నేళ్ళలో పుట్టిన మనవలెంతమందో లెక్కే లేదు."

జోలమ్మ నవ్వి ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి నెమ్మదిగా, తొందరేం లేనట్టు మాట్లాడింది. ఎప్పుడు పడింది, ఏం పడింది, దాని మీద ఏమైనా పూశారా అని అడిగింది. ఏమీ పూయలేదంటే, "చాలా మంచిపని చేశారమ్మా. చాలామంది ముందు ఇంట్లో ఉన్నదల్లా పోసి, ఆ తర్వాత మాకు చేస్తారు. అట్లా పాడైతే మేం ఏం చెయ్యలేం" అంది. భర్త చెవి ఒగ్గి వింటున్నాడు. జోలమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది.

"ఇంట్లో పాపేనా అమ్మా?"

మనవరాలనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. రోజూ పిల్లలకు తాను చెప్పే మాటేమిటి? ఏం పగలగొట్టినా ఫరవాలేదు, దాచకుండా చెప్పండి అనేగా. "కాదమ్మా," అంది. "నేను చూసుకునే పాప. వాళ్ళ అమ్మానాన్నలు పనికెళ్తారు. నెలకింత అని ఇస్తారు."

భర్త నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నిజం చెప్పినందుకు సంతోషం అమ్మా. కానీ నేనూ నిజమే చెప్పాలి. ఈ ప్లాను ఇంటివాళ్ళ వాడకానికి మాత్రమే. డబ్బు తీసుకుని చేసే పనికి వాడిన సామానుకు వర్తించదు. సోఫా క్లెయిము రాదు."

"మరి షాపులో ఏం పడినా పూచీ అన్నాడే?"

"ఏది పడితే వస్తుందో చెప్పుంటాడు. ఏది రాదో ఎవరూ చెప్పరమ్మా. వినండి, నేను చెప్తాను. హఠాత్తుగా ఒక్కసారి జరిగిన ప్రమాదం ఉందే, ఒలికిపోవడం, చిరిగిపోవడం, వేడి తగలడం, అవి ప్లానులో ఉంటాయి. అదీ వెంటనే చెప్తేనే. రోజూ కూర్చుని కూర్చుని కుంగిపోవడం, ఎండకు వెలిసిపోవడం, పిల్లి గీకడం, అవి ఉండవు. అవి ప్రమాదాలు కాదు, వాడకం."

పేచీ పెట్టడానికి జోలమ్మకు ఏమీ కనిపించలేదు. మనసు చివుక్కుమన్న మాట నిజమే. అయినా ఇంత విడమరిచి తనకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. "సరేనమ్మా, ఉంటాను" అనబోయింది.

"ఆగండమ్మా. ఇందులో భోజనాల బల్ల కూడా ఉంది కదా. దానికేమైనా అయిందా?"

"అయ్యో, దానికా? నిన్న రాత్రే పొయ్యి మీది వేడి గిన్నె మరిచిపోయి అలాగే పెట్టేశాను. తెల్లటి గుండ్రటి మచ్చ పడింది. అది నా తప్పే కదమ్మా, అడగడమెందుకు?"

అవతల అమ్మాయి నవ్వింది. "తప్పు జరిగితేనే కదమ్మా ఈ ప్లాను పనికొచ్చేది! కావాలని పెట్టలేదుగా? బల్ల దగ్గర ఆ పిల్లలు తింటారా?"

"లేదు లేదు. వాళ్ళు హాల్లో చాప మీదే. బల్ల మేమిద్దరమే వాడతాం."

"అయితే మనిషిని పంపుతాను."

ఆ వారంలోనే మరమ్మతు మనిషి పెట్టె పట్టుకుని వచ్చాడు. మచ్చ మీద ఏదో మెత్తటి ముద్ద రాసి, గుడ్డతో ఓపిగ్గా రుద్ది, రంగు కలిపి వేసి, చివర మెరుగు పెట్టాడు. పిల్లలందరూ వంటగది గుమ్మంలో బారుతీరి ఇంద్రజాలం చూసినట్టు చూశారు. మచ్చ ఎక్కడుండేదో ఆనవాలు కూడా లేకుండా పోయింది. వెళ్తూ వెళ్తూ సోఫా కూడా చూశాడు. "ఇది నేను ముట్టుకోకూడదమ్మా. కానీ ఒక మాట. థిన్నరు మాత్రం పోయకండి, గుడ్డ తినేస్తుంది. దీనికి పైన తొడుగు వేసుకోవడమే మేలు." పిల్లల వైపు చూసి, "అదీ ఉతికేది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం జోలమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఫిర్యాదుకు ఒకటి నొక్కండి, కొత్త ప్లానుకు రెండు నొక్కండి అంటూ చెప్పుకుపోయింది యంత్రం. కృతజ్ఞతకు అంకె లేదు. చేసేది లేక ఒకటే నొక్కింది. ఎవరో వేరే అమ్మాయి ఎత్తి, "చెప్పండి, ఏం ఫిర్యాదు?" అంది.

"ఫిర్యాదు కాదమ్మా. మొన్న మీ దగ్గర ఒకమ్మాయి నా సోఫాకు ఏమీ రాదని చెప్పింది. ఆ పిల్లకు చాలా థాంక్స్ అని చెప్పండి."

"రాదని చెప్పినందుకా?"

"అవును. బల్ల సంగతి కూడా ఆ పిల్లే అడిగింది. చల్లగా ఉండాలి."

గిరగిర వాళ్ళమ్మకు జోలమ్మ జరిగిందేదీ దాచలేదు గానీ, పిల్లను ఒక్క మాట కూడా అననివ్వలేదు. వాళ్ళ నాన్న కార్లకు సీటు కవర్లు కుట్టేవాడు. సాయంత్రం పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి సోఫా ముందు నిలబడి, చాలాసేపు తల గోక్కున్నాడు.

"జోలమ్మగారూ, కొత్త గుడ్డ కొనిస్తానంటే మీరు పుచ్చుకోరు. మా షెడ్డులో మిగిలిపోయిన ముక్కలున్నాయి. నీళ్ళు పడినా దిగని గుడ్డ. రంగులు మాత్రం కలవవు."

"కలవకపోతే ఏం నాయనా, మా పిల్లలు కలుస్తున్నారా?"

ఆదివారం పూట ఆయన కుట్టుమిషను ఆటోలో వేసుకుని వచ్చేశాడు. పై వాటా ఆమె, ఇంకో ఇద్దరు తల్లులు కూడా దిగారు. ఒకరు పట్టుకుంటే ఒకరు కత్తిరించారు, జోలమ్మ భర్త టేపు పట్టి కొలతలు చెప్పి అన్నీ తప్పు చెప్పాడు. జోలమ్మ పాత అలవాటు కొద్దీ కత్తెర అందుకుని, కుట్టిన ప్రతి తొడుగుకూ వేలాడే దారాలు పటపటా కత్తిరించింది. ఫ్యాక్టరీ మూతపడిన తర్వాత ఆ పని మళ్ళీ చెయ్యడం అదే మొదలు. అప్పుడు ఎవరు తొడుక్కుంటారో తెలియని చొక్కాలకు కత్తిరించేది. ఇప్పుడు కూర్చోబోయే ఒక్కొక్కరి పేరూ తెలుసు.

సోమవారం పొద్దున పిల్లలు వచ్చేసరికి సోఫా మీద నీలం, ఆకుపచ్చ, నారింజ, బూడిదరంగు తొడుగులు. ఒక్కటంటే ఒక్కటీ జత కుదరదు. గుమ్మంలోనే చెప్పులు విసిరేసి, నాది నీలం, నాది ఆకుపచ్చ అని పరిగెత్తారు. గిరగిర మాత్రం కాసేపు దూరంగా నిలబడి, మెల్లగా వచ్చి జోలమ్మ కొంగు పట్టుకుంది.

"నేను ఎక్కొచ్చా?"

జోలమ్మ పిల్లను ఎత్తి నారింజరంగు దాని మీద కూర్చోబెట్టి, తనూ పక్కన చతికిలబడింది. వంటగదిలోంచి భర్త, "ఈ పూటన్నా నాకు టీ దొరుకుతుందా?" అని కేకేశాడు.

"మీరే పెట్టుకోండి. నాకూ ఒకటి తెండి," అంది జోలమ్మ, అప్పటికే ఒక పిల్ల ఒళ్ళోకి ఎక్కేయడంతో కదలలేక.