ఒక దగ్గు పైకి, రెండు దగ్గులు కిందికి

ఎండలో మనిషిని ఫొటో తీయడం గురించి లోకంలో ఒక అపోహ ఉంది. ఎండ ఉండగా వెలుగుకు కొదవేమిటని. మిట్టమధ్యాహ్నపు ఎండ కనుబొమల కింద రెండు గుంటలు తవ్వి, మీసం లేనివాళ్ళకు కూడా ముక్కు కింద మీసం దిద్దిపోతుందని తీసినవాడికే తెలుసు. అందుకే మనిషిని సూర్యుడికి వీపు పెట్టి నిలబెడతారు. అప్పుడు జుట్టు మెరుస్తుంది గానీ, మొహం కరెంటు పోయిన ఇల్లులా ఉంటుంది.

ఆ ఇంట్లో దీపం పెట్టడమే లైటు వదిన ఉద్యోగం. కర్ర చివర ఫ్లాషు బిగించి, దానికి తెల్లగుడ్డ తొడిగి, ఎనిమిది అడుగుల దూరాన పక్కగా నిలబడి, ఎదుటి మనిషి కళ్ళకంటే జానెడు ఎత్తున పట్టుకునేది. ఫొటోలో ఆ వెలుగు ఉండాలి, ఉన్నట్టు మాత్రం తెలియకూడదు. ఇరవై రెండేళ్ళు అలా తెలియకుండా వెలిగించింది. ఊళ్ళో ఆవిడకంటే పెద్దవాళ్ళకు కూడా ఆవిడ వదినే.

స్టూడియో పెట్టింది ఆవిడ భర్త. ఆయన "ఎత్తు", "దించు", "అటు కాదు, ఇటు" అని ధారాళంగా ఆజ్ఞాపించేవాడు. "కర్ర నా చేతిలో ఉంది, కాస్త చూసి మాట్లాడండి" అని ఆవిడా ధారాళంగానే జవాబిచ్చేది. పని సాఫీగా సాగేది. తొమ్మిదేళ్ళకు, ఒక సోమవారం పొద్దున, ఆయన గుండె ఆగిపోయింది. కెమెరా ఆయన తమ్ముడి మెడలోకి వచ్చింది. కర్ర వదిన చేతిలోనే ఉండిపోయింది.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. తల్లి తర్వాత తల్లిలాంటి వదినను నలుగురిలో "ఎత్తు" అని ఎలా అనడం? "కాస్త ఎత్తండి వదినా" అని మర్యాద పూర్తయ్యేలోగా మబ్బు వచ్చిపోయేది, పెళ్ళికొడుకు నవ్వు ఎండిపోయేది. వ్యాకరణానికీ వృత్తికీ నడుమ తలెత్తిన ఈ సంఘర్షణను మరిది వారం రోజులు ఆలోచించి, దగ్గుతో పరిష్కరించాడు. ఒక దగ్గు పైకి. రెండు దగ్గులు కిందికి. గొంతు సవరిస్తే ఒక అడుగు వెనక్కి. దగ్గులో నువ్వు లేదు, మీరు లేదు.

వచ్చినవాళ్ళు జాలిపడేవారు. ఒకాయన ఫొటోలు తీసుకెళ్ళడానికి వస్తూ దగ్గుమందు సీసా తెచ్చిచ్చాడు.

"తాగేయకు అబ్బాయ్, మన పొట్ట మాడుతుంది" అంది వదిన.

ఒకసారి మరిదికి నిజంగానే జలుబు చేసింది. ఆ రోజు ఆవిడ గంటసేపు కర్రను పైకీ కిందికీ ఆడించి, రెండు చేతులకూ తైలం రాసుకుంది.

అలా గడిచిపోతూ ఉండగా, రెండేళ్ళ కిందట మొహాలు తెల్లబడటం మొదలైంది. మరిది కారణం కనిపెట్టాడు. వదిన ముందుకొస్తోంది. ఎనిమిది అడుగుల్లో ఉండాల్సిన మనిషి ఆరుకు, ఆరు నుంచి నాలుగుకు జరుగుతోంది. ఫ్లాషు విషయంలో దూరం సగమైతే వెలుగు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. సున్నం వేసిన గోడమీద కళ్ళు గీసినట్టుంటుంది మనిషి. అతను గొంతు సవరించాడు. ఆవిడ ఇంకో అడుగు ముందుకే వేసింది. మళ్ళీ సవరించాడు. మళ్ళీ వేసింది.

వదినను "మీకేమైంది" అని అడగటం కంటే ఫ్లాషు మీద మీట తిప్పడం తేలిక. కర్ర చేతికిచ్చే ముందే వెలుగు తగ్గించి ఇవ్వసాగాడు. ఫొటోలు మళ్ళీ కుదురుకున్నాయి.

ఒక సాయంత్రం స్టూడియోలో టీ తాగుతూ ఆవిడే అడిగింది.

"ఈ మధ్య దగ్గడం మానేశావేం?"

ఆ పొద్దున అతను గొంతు మంటెత్తేలా దగ్గి వచ్చాడు.

"అవసరం రావడం లేదు వదినా" అన్నాడు, ఆవిడ వైపు తిరిగి, నింపాదిగా.

"ఆహా! ఇరవై ఏళ్ళకి పని నేర్చుకున్నానన్నమాట!" అని మురిసిపోయింది. ఆ మురిపెం చూశాక అతనికి చెప్పే దారి మూసుకుపోయింది. చెబితే కర్ర పోతుంది. కర్ర పోతే, భర్త పోయినప్పుడు కూడా పదకొండోనాటికి పనిలోకొచ్చిన మనిషి ఏమవుతుందో అతను ఊహించలేకపోయాడు.

ఆసుపత్రి తోటలో అది బయటపడింది. ఒకమ్మాయి వాళ్ళ నాన్నకు ఫొటో తీయించాలని పిలిచింది. డాక్టరు పది నిమిషాలే బయటికి పంపాడు. పన్నెండింటి ఎండ. చక్రాల కుర్చీలో ఆయన, తలకు తువ్వాలు. వదిన ఫ్లాషు చూసుకుంది. మీట తగ్గించి ఉంది. ఇంత ఎండకు ఎంత కావాలో ఆవిడకు కంఠతా వచ్చు. మరిది మర్చిపోయాడనుకుని, ఎంతుండాలో అంతకు పెంచింది. పెంచి, నాలుగడుగుల దగ్గర నిలబడింది.

మొదటి వెలుగుకే ఆయన ఉలిక్కిపడ్డాడు. మరిది దగ్గాడు, గొంతు సవరించాడు, మళ్ళీ దగ్గాడు. రెండోదానికి ఆయన రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుని, "చాలమ్మా, నన్ను లోపలికి తీసుకుపో" అన్నాడు.

"ఆవిణ్ణి వెనక్కి జరగమని చెప్పరేం?" అంది కూతురు.

"చెబుతున్నానండీ."

"ఎప్పుడు? ఇందాకట్నుంచీ దగ్గుతున్నారంతే కదా!"

కుర్చీ లోపలికి వెళ్ళిపోయింది. రెండు ఫొటోల్లోనూ తువ్వాలు కిందా తెలుపే, తువ్వాలూ తెలుపే. "ఆయన కుదుటపడ్డాక మళ్ళీ పిలుస్తాం" అంది ఆ అమ్మాయి. మళ్ళీ పిలవలేదు.

ఆసుపత్రి మెట్ల మీద వదిన కెమెరా తీసుకుని ఆ రెండూ చూసింది.

"మీట నేనే పెంచాను. తగ్గించింది నువ్వేనా?"

తలూపాడు.

"నీ భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. ఆ పెద్దాయన్ని నవ్వించడానికి నవ్వుతున్నావనుకున్నా." "దగ్గావన్నమాట. వినబడక, నాకు తెలీకుండానే దగ్గరికొచ్చేస్తున్నానేమో. ఎన్నాళ్ళనుంచి?"

అతను చెప్పాడు. ఆవిడకు అందలేదు. రెండు వేళ్ళు చూపించాడు.

"గట్టిగా అరవొచ్చు కదయ్యా!"

"వదిన మీద ఎలా అరుస్తాను?"

"ఏమిటీ?"

అతను మళ్ళీ అదే గొంతుతో, అదే మర్యాదతో చెప్పాడు. ఆవిడ మూడోసారి అడగలేదు.

చెవి మిషను పెట్టించారు. లారీల హారన్లు వినిపిస్తున్నాయి, మనుషులే వినిపించడం లేదని తీసి సొరుగులో పెట్టింది. ఇనప స్టాండు తెప్పించి, ఫ్లాషు దానికి తనే బిగించింది. తను కౌంటరు వెనక కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పని పెట్టుకుంది.

స్టాండుతో మొదటి పని పార్కులో, ఒక కొత్త జంటకు. స్టాండు ఎనిమిది అడుగుల్లో పెట్టినచోటే ఉంది. ముందుకు రాలేదు. నలిగిన కాలరు సర్దలేదు. నవ్వని పెళ్ళికొడుకును "ఏమయ్యా, అప్పుడే దిగులా?" అనీ అనలేదు. ఫొటో మాత్రం నిక్షేపంలా వచ్చింది.

తిరిగొచ్చేసరికి ఆవిడ కత్తెర ఆపి తలెత్తింది.

"ఎలా వచ్చింది?"

అతను ఏదో అన్నాడు.

"ఆఁ?"

కౌంటరు మీదికి వంగి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, జీవితంలో మొదటిసారి వదిన మీద అరిచాడు.

"బాలేదు వదినా!"

ఎదురు కొట్లో సైకిలు బాగుచేస్తున్నాయన పానా పట్టుకునే ఇటు చూశాడు. వదిన చెయ్యి చాచి కెమెరా అందుకుంది. పెళ్ళికూతురి మొహం పెద్దది చేసి చూసింది. కళ్ళ కింద నీడ లేదు. వెలుగు పడిన జాడా లేదు. చాలాసేపు చూసింది.

"అబద్ధం అంత గట్టిగా ఆడతారా ఎవరైనా" అంది.

కెమెరా తిరిగిచ్చేసి, ఎవరిదో తెలియని ఒక మొహం చుట్టూ తెల్లటి అంచు వెంబడి కత్తిరించసాగింది.